కంటి చుక్కల కాగితం

జోగారావు మాస్టారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన జవాబు చెప్పేవారు కారు. ఏదో ఒక పని చెప్పేవారు. ఆ అలవాటు తెలిసినవాళ్ళు ప్రశ్న అడిగేసి, ముందుగానే చొక్కా చేతులు మడుచుకునేవారు. "అన్నయ్యకీ నాకూ మాటల్లేక ఏడేళ్ళయింది, నేనే ముందు పలకరించాలా?" అని ఒక పాత విద్యార్థి అడిగితే, ఆయన ఆవకాయ జాడీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టి, "బొబ్బిలి మీదుగానే కదా వెళ్తావు, ఇది మీ అన్నయ్య ఇంట్లో ఇచ్చి వెళ్ళు" అన్నారట. ఇప్పుడు ఆ అన్నదమ్ములిద్దరూ ఏటేటా కలిసి వస్తారు, ఖాళీ జాడీతో.

మాస్టారిది పార్వతీపురానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న ఊరు. అక్కడి హైస్కూల్లో ముప్ఫై ఎనిమిదేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయాక చెల్లెలు రవణమ్మగారు వచ్చి ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆ ఏడు మాఘమాసంలో ఆయన కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. సరిగ్గా ఆ వారమే రవణమ్మగారి కూతురికి విశాఖపట్నంలో పురుడొచ్చింది. అన్నగారిని వదిలి వెళ్ళలేక, కూతురి దగ్గర లేకుండా ఉండలేక ఆవిడ సతమతమవుతుంటే ఆ కబురు విజయనగరంలో ఉన్న హిమజకి తెలిసింది. "మీరు వెళ్ళండి అత్తయ్యగారూ, ఎనిమిది రోజులు నేను వచ్చి ఉంటాను" అని ఫోన్ చేసి, తొమ్మిదేళ్ళ కూతురు వకుళని వెంటబెట్టుకుని బస్సెక్కింది. బడి రోజుల్లో పిల్లని ఎలా తెచ్చావని ఎవరూ అడగలేదు. వకుళకి బడి లేదని అందరికీ తెలుసు.

హిమజ ఆ హైస్కూల్లోనే మాస్టారి దగ్గర చదువుకుంది. తర్వాత ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పింది. వకుళ మూడో తరగతిలో ఉండగా, రాత నెమ్మది అని, అక్షరాలకి వత్తులు మర్చిపోతుందని, బళ్ళో టీచరు ఆ పిల్లని తరచూ గుమ్మం బయట నిలబెట్టేది. కొన్నాళ్ళకి పొద్దున్నే బస్సు హారన్ వినబడితే చాలు వకుళ వాంతి చేసుకునేది. డాక్టర్లు కడుపులో ఏమీ లేదన్నారు. ఒకరోజు హిమజ బస్సుని పంపేసి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇంక నీకు చదువంటే భయం ఉండదు. నేను చెప్తాను" అని మాటిచ్చింది. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. భర్త శ్రీకర్ కూడా సరేనన్నాడు.

మొదటి రెండు నెలలూ పండగలాగే గడిచాయి. తర్వాత బంధువుల ఇంట్లో ఒక పెళ్ళిలో ఎవరో పెద్దాయన వకుళని పట్టుకుని పదమూడో ఎక్కం అడిగారు. ఆ పిల్ల తడబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వలేదు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నవ్వినా బాగుండేది. ఇంటికి రాగానే గోడకి టైమ్‌టేబుల్ వచ్చింది. ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఒక్కో రంగు. శనివారం పరీక్ష. వకుళ రాసిన ప్రతి వాక్యాన్నీ హిమజ అక్కడికక్కడే, ఎంతో మెత్తగా, "ఇక్కడ చూడు తల్లీ" అంటూ దిద్దేది. గొంతు ఏనాడూ పెంచలేదు. అయినా వకుళ రాసినదాన్ని చేత్తో కప్పుకోవడం మొదలుపెట్టింది. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితాలకి చిల్లులు పడుతున్నాయి. ఊరికి బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు, సోమవారం పొద్దున, ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా, వకుళ వాంతి చేసుకుంది. బస్సు లేదు, హారన్ లేదు, టీచరు లేదు. ఇంట్లో ఉన్నది తల్లి ఒక్కతే. హిమజ నేల తుడిచింది. ఆ సంగతి భర్తకి కూడా చెప్పలేదు.

వచ్చిన సాయంత్రం మాస్టారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. హిమజ కాఫీ ఇచ్చి, పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. చాలాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగింది.

"మాస్టారూ, తొమ్మిదేళ్ళ పిల్లకి రోజుకి ఎన్ని గంటలు పాఠం చెప్పాలంటారు?"

అడగాలనుకున్నది అది కాదని ఆమెకి తెలుసు. కానీ ఆ అడగాలనుకున్నదానికి మాటలు రాలేదు. మాస్టారు కాఫీ తాగడం పూర్తిచేసి, గ్లాసు కింద పెట్టి, గుమ్మంలో నిలబడ్డ వకుళ వైపు తిరిగారు.

"నీకు గడియారం చూడ్డం వచ్చునా అమ్మా?"

"వచ్చు తాతగారూ."

"అయితే నాకో పని చేసిపెట్టు. డాక్టరమ్మ రెండు సీసాలిచ్చింది. ఎర్రమూతది రోజుకి ఆరుసార్లు, తెల్లమూతది నాలుగుసార్లు. ఒక్కొక్క చుక్క. రెండూ వెయ్యాల్సినప్పుడు మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. నాకా కనబడదు. మీ అమ్మకి వంటా, వచ్చేపోయేవాళ్ళూ. ఏ చుక్క ఎప్పుడు వెయ్యాలో నువ్వు చూసి చెప్పు. వేసినట్టు కాగితం మీద రాసిపెట్టు. నువ్వు చెప్తే మీ అమ్మ వేస్తుంది."

"నేను చూసుకుంటాను మాస్టారూ, చిన్నపిల్ల..." అని హిమజ అనబోయింది.

"వెయ్యడం నీది, చెప్పడం ఆ పిల్లది" అన్నారు మాస్టారు. ఆ మాటతో సంగతి తేలిపోయింది.

వకుళ లోపలికి వెళ్ళి గోడ క్యాలెండరులో దాటిపోయిన నెల కాగితం చింపుకొచ్చింది. దాని వెనక వైపు స్కేలుతో గళ్ళు గీసింది. గంట సేపు నేల మీద బోర్లాపడుకుని ఏదో రాసింది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కాగితం పట్టుకొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఎర్రమూత" అని పిలిచింది. హిమజ చేతులు కడుక్కుని వచ్చి చుక్క వేసింది. వకుళ గడియారం ముందు ఐదు నిమిషాలు కదలకుండా నిలబడి, "ఇప్పుడు తెల్లమూత" అంది. అది కూడా పడ్డాక గళ్ళల్లో రాసుకుంది. ఆ పిల్ల అంత నిటారుగా నిలబడి చాలా రోజులైంది.

మధ్యాహ్నం కాగితం బల్ల మీద కనిపిస్తే హిమజ తీసి చూసింది. "కుడి కను. ఎర మూత ఒక చుక. తెల మూత ఒక చుక." ఒక్క వత్తు లేదు. నెలల తరబడి ఇద్దరూ కూర్చుని చేసిన వత్తుల పాఠమంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆమె చెయ్యి దానంతటదే పెన్సిలు అందుకుంది. చుక కింద వత్తు పెట్టింది, కను కింద వత్తు పెట్టింది. ఎర, తెల కూడా సరిచేసింది. వకుళని పిలిచి, తల నిమిరి, "చూడు బంగారం, ఇక్కడ క కింద క వత్తు. అన్నీ బాగా రాశావు, ఇవొక్కటే" అంది. వకుళ "ఊఁ" అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తీసుకుపోయింది. కుర్చీలో ఉన్న మాస్టారు అటు తల తిప్పి, మళ్ళీ ఇటు తిప్పుకున్నారు.

రెండో రోజు వకుళ వేళకి వచ్చి పిలుస్తూనే ఉంది గాని గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఎందుకు రాయలేదని హిమజ అడిగితే "తర్వాత రాస్తా" అంది. ఆ రోజు మధ్యాహ్నం మాస్టారి పాత విద్యార్థులు నలుగురు చూడ్డానికి వచ్చారు. ఎర్రమూత చుక్క పడ్డాక ఐదు నిమిషాల లోపే పొయ్యి మీద పాలు పొంగి, కాఫీల హడావిడిలో హిమజ వంటింట్లో ఉండిపోయింది. అంతమంది కొత్తవాళ్ళ మధ్య పిలవడానికి వకుళ జంకింది. సాయంత్రం గుర్తొచ్చి, "మధ్యాహ్నం తెల్లమూత వేశామా?" అని అడిగింది. వకుళ తల్లి మొహం వైపు ఒక్క క్షణం చూసి, "వేశాం" అంది. మూడో రోజు అలాంటిదే రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ ఆ పిల్ల వేశామనే చెప్పింది. కాగితం మీద ఏమీ లేదు.

నాలుగో రోజు తెల్లవారి హిమజ కాఫీ తీసుకెళ్ళేసరికి మాస్టారు మంచం మీద కూర్చుని చేత్తో నుదురు పట్టుకుని ఉన్నారు. కళ్ళద్దాలు తీసి చూస్తే కన్ను ఎర్రగా చింతనిప్పులా ఉంది, నీళ్ళు కారుతున్నాయి. హిమజ ఆటో పిలిపించి, పిల్లని కూడా ఎక్కించుకుని, పార్వతీపురంలో కంటి ఆసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరమ్మ దీపం పెట్టి చాలాసేపు చూసింది. "వాపు వచ్చింది. తొందరగా తెచ్చారు, ఫరవాలేదు. తెల్లమూత చుక్కలు సరిగ్గా పడుతున్నాయా? రాసిపెట్టుకున్న కాగితం ఉంటే చూపించండి" అంది. హిమజ వకుళ వైపు చూసింది. వకుళ గౌను జేబు మీద చెయ్యి వేసుకుని గోడకి అతుక్కుపోయింది.

"రాయలేదండి" అన్నారు మాస్టారు. "ఇవాళ్టి నుంచి రాస్తుంది."

డాక్టరమ్మ ఆ పిల్లని తేరిపార చూసింది. ఇవాళంతా గంటకోసారి తెల్లమూత వెయ్యాలని, రేపు మళ్ళీ తీసుకురావాలని చెప్పింది. బయటికి రాగానే వకుళ ఆసుపత్రి మెట్ల పక్కన కొళాయి దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకుంది. హిమజ వెనకాలే వెళ్ళి నుదురు పట్టుకుంది. చేతి కింద ఆ చిన్న తల చెమటతో చల్లగా ఉంది. ఏడాది కిందట బడి బస్సు హారన్ మోగినప్పుడల్లా ఇలాగే పట్టుకున్న తల. అప్పుడు తనకి ఎవరి మీద అంత కోపం వచ్చిందో హిమజకి గుర్తొచ్చింది. నీళ్ళు పట్టి మొహం కడిగి, చెంగుతో తుడిచింది.

మాస్టారు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. వకుళ వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"తాతగారూ, తెల్లమూత మూడుసార్లు వెయ్యలేదు. నేను వేశామని చెప్పాను."

"ఎందుకు రాయలేదమ్మా?"

"వత్తు ఎక్కడ పెట్టాలో గుర్తు రాలేదు. తప్పు రాస్తే అమ్మ చూస్తుంది." మళ్ళీ తనే, "అమ్మ ఏమీ అనదు తాతగారూ. ఊరికే చూస్తుంది" అంది.

మాస్టారు కళ్ళద్దాల కింద కారుతున్న నీళ్ళని తువ్వాలుతో అద్దుకున్నారు.

"వత్తు లేని చుక్క కంట్లో పడదా తల్లీ?"

వకుళకి నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. ఏది ముందో తెలియక మొహం తిప్పుకుంది. రెండడుగుల దూరంలో హిమజ కొళాయి కట్టేస్తున్నట్టు వంగి, ఆ మాటలన్నీ వింది. ఆ నీళ్ళ చప్పుడులో తను ఏడ్చింది ఎవరికీ వినబడలేదని అనుకుంది.

ఇంటికొచ్చాక హిమజ ఆ రెండు సీసాలూ తన చేతిలోకి తీసుకుని, "మాస్టారూ, ఇంక ఇది నేనే చూసుకుంటాను. పిల్లకి అంత బరువు పెట్టడం తప్పు" అంది. వకుళ కూడా, "నాకొద్దు తాతగారూ. నా వల్ల మీ కన్ను పోతుంది" అంది. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడి ఎన్నాళ్ళయిందో.

మాస్టారు ఒప్పుకోలేదు. వకుళని దగ్గరికి పిలిచి, "మొన్న, నిన్న అబద్ధం చెప్పావు. ఇవాళ నిజం చెప్పావు, ఎవరూ అడక్కుండానే. నిజం చెప్పే మనిషి చేతిలో ఉంటే నా కంటి గురించి నాకు బెంగ లేదు. పని నీదే" అన్నారు.

వకుళ గౌను జేబులోంచి మడతలుపెట్టిన కాగితం తీసింది. నాలుగు రోజులుగా దాన్ని జేబులోనే పెట్టుకు తిరుగుతోంది కాబోలు, మడతల దగ్గర నలిగిపోయింది. హిమజ ఆ కాగితం అడిగి తీసుకుని, రబ్బరు పెట్టి తను దిద్దిన వత్తుల్ని చెరపబోయింది. కూతురి ఎదురుగా నేల మీద కూర్చుని, "నీకు చదువంటే భయం ఉండదని మాటిచ్చాను కదా. తప్పు చేసింది నువ్వు కాదు వకుళా, నేను" అంది.

వకుళ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెరపకమ్మా. అవి కరెక్టే కదా. వాటిని చూసి రాసుకుంటాను."

హిమజ రబ్బరు కింద పెట్టింది. పిల్ల తన దిద్దుబాటుని అసహ్యించుకుంటోందని ఇన్నాళ్ళూ అనుకుంది. పిల్లకి కావాల్సింది రాసుకునేటప్పుడు పక్కన ఎవరూ తొంగిచూడకుండా ఉండటం మాత్రమేనని, అది కూడా ఆ పిల్లే చెప్పాల్సి వచ్చిందని ఆమెకి సిగ్గుగా అనిపించింది.

ఆ రోజంతా గంటగంటకీ చుక్కలు. హిమజ వంట ముగించుకుని వరండాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిలిచేదాకా కదలకూడదని తనకి తనే చెప్పుకుంది. అది ఎంత కష్టమో మొదటి గంటలోనే తెలిసింది. గడియారం పన్నెండు దాటి రెండు నిమిషాలైంది. వకుళ పెరట్లో చీమల బారు చూస్తూ కూర్చుంది. హిమజ పెదాలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. మూడో నిమిషంలో వకుళ ఉలిక్కిపడి లేచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, మూడు నిమిషాలు లేటు" అని తనే చెప్పి, కాగితం మీద అలాగే రాసింది. పన్నెండూ మూడు. ఒంటిగంటకి మాత్రం గడియారం కిందే వచ్చి కూర్చుంది. గుర్తుచేసి ఉంటే పన్నెండింటికే పడేది. కానీ ఒంటిగంటకి కూడా తనే గుర్తుచెయ్యాల్సి వచ్చేది.

రెండు రకాలూ వెయ్యాల్సినప్పుడు మధ్యలో ఐదు నిమిషాలుండేవి. ముగ్గురూ ఊరికే కూర్చోవాల్సిన ఐదు నిమిషాలు. అలాంటి ఒకసారి వకుళ అడిగింది, "ఎందుకమ్మా ఐదు నిమిషాలు ఆగడం? రెండూ ఒకేసారి వేసేస్తే ఏం?" హిమజ నాలుక చివరికి పాఠమంతా వచ్చేసింది. తలతన్యత, ఘనపరిమాణం, ఒక బొమ్మ, రెండు ప్రశ్నలు. మింగేసింది. "నీకేమనిపిస్తోంది?" అని అడిగింది. వకుళ ఆలోచించి, వంటింట్లోకి వెళ్ళి ఒక చిన్న చెంచా, మందుకి వాడే ఫిల్లరు తెచ్చింది. చెంచాలో నీళ్ళు అంచుదాకా పోసి, పైన ఒక్కో చుక్కా వేస్తూ పోయింది. నీళ్ళు చెంచా అంచు మీద గోపురంలా ఉబ్బి నిలబడ్డాయి. ఇంకొక్క చుక్కకి అంతా జారి నేల మీద పడింది. "నిండా ఉంటే కొత్త చుక్క ఆగదమ్మా, ముందుదాన్ని కూడా తీసుకుపోతుంది" అంది వకుళ. అంటూనే గడియారం చూసి, "అయ్యో, ఐదు అయిపోయాయి, తెల్లమూత!" అని లేచింది. హిమజ చుక్క వేసి వచ్చి, ఆ తడి నేల వైపు చూస్తూ నిలబడింది. కాలేజీలో తను ఆ పాఠం చెప్పడానికి రెండు పీరియడ్లు పట్టేది. సగం మంది నిద్రపోయేవాళ్ళు.

మర్నాటికి కంటి ఎరుపు సగం తగ్గింది. డాక్టరమ్మ కాగితం అడిగింది. వకుళ రెండు చేతులతో అందించింది. ఆవిడ గళ్ళన్నీ చదివి, "పన్నెండూ మూడు అని ఎందుకు రాశావు?" అంది. "లేటయిందండి. అందుకే" అంది వకుళ. "ఇలా ఉన్నదున్నట్టు రాసిస్తే నా పని సగం తగ్గుతుంది" అని డాక్టరమ్మ కాగితం చివర తన సంతకం చేసి తేదీ వేసింది. తిరుగు దారంతా వకుళ ఆ సంతకాన్నే చూసుకుంది. అది ఏ అక్షరాలో ఒక్కటీ తెలియలేదు గాని.

మిగిలిన రోజుల్లో పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు. ఐదు నిమిషాల విరామాల్లో వకుళ పేపరు తెచ్చి మాస్టారికి పెద్దక్షరాల వార్తలు చదివింది. తప్పు చదివితే ఆయనకి అర్థమయ్యేది కాదు, "ఏమన్నావమ్మా?" అని అడిగేవారు. ఆ పిల్ల మళ్ళీ చూసి సరిగ్గా చదివేది. హిమజ అదే గదిలో బియ్యంలో రాళ్ళేరుకుంటూ తలెత్తకుండా కూర్చునేది. ఒకసారి వకుళ తనంతట తనే కాగితం పట్టుకొచ్చి, "అమ్మా, 'తగ్గింది'లో ఏ వత్తు?" అని అడిగింది. హిమజ చెప్పింది. అంతే చెప్పింది. ఆ పక్క పదంలో ఇంకో తప్పు కనబడుతూనే ఉంది. రాత్రి శ్రీకర్‌కి ఫోన్ చేసి, సోమవారం నాటి వాంతి సంగతి, ఆసుపత్రి మెట్ల సంగతి అన్నీ చెప్పింది. అతను అంతా విన్నాడు. తర్వాత, "గోడ మీద ఆ టైమ్‌టేబుల్ తీసెయ్యనా?" అని అడిగాడు. "వద్దు, వకుళని అడిగి తీద్దాం" అంది.

తొమ్మిదో రోజు పొద్దున రవణమ్మగారు మనవడి ముచ్చట్లు మోసుకుంటూ దిగింది. వకుళ ఆవిడని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి, రెండు సీసాలూ ముందు పెట్టి, పని అప్పజెప్పింది. వచ్చే వారం ఎర్రమూత నాలుగుసార్లే. తెల్లమూత మూడుసార్లు. మధ్యలో ఐదు నిమిషాలు. "ఆ ఐదు నిమిషాలూ తాతగారికి పేపరు చదవాలి" అని డాక్టరమ్మ చెప్పనిది కూడా ఒకటి కలిపింది. ఆవిడ కోసం కొత్త కాగితం కూడా రాసి ఉంచింది. పైన పెద్దక్షరాలతో "రవణమ అమ్మమ్మ గారికి" అని ఉంది.

హిమజ సంచీ సర్దుతూ ఆ కాగితం చూసింది. అమ్మమ్మలో వత్తులున్నాయి, రవణమలో లేదు. ఆమె చెయ్యి సంచీ పక్క అరలో పెన్సిలు దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. వకుళ గుమ్మం అవతల రవణమ్మగారికి సీసా ఎలా పట్టుకోవాలో చూపిస్తోంది. ఆ మొహం ఎండలో వెలిగిపోతోంది. హిమజ చెయ్యి వెనక్కి తీసుకుని సంచీ జిప్పు వేసింది.

మాస్టారు ఇదంతా చూశారు. కుడికంటికి ఇప్పుడు బాగానే కనిపిస్తోంది. హిమజ ఆయన కాళ్ళకి నమస్కరించి లేచింది. దాచుకోవడం ఎందుకని చెప్పేసింది.

"ఇంటికెళ్ళాక కూడా నా చెయ్యి పెన్సిలు మీదికే పోతుంది మాస్టారూ."

"పోతుంది" అన్నారు మాస్టారు. "నా చెయ్యీ ముప్ఫై ఎనిమిదేళ్ళూ అలాగే పోయింది. పెన్సిలు అందుకునేలోపు పిల్ల మొహం కేసి చూసిన రోజులు ఏ కొన్నో ఉంటాయి. నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళంతా ఆ రోజుల పిల్లలే."